ఇది కొత్త కుక్కగొడుగేనా? హైదరాబాద్‌లో వెతకడం దగ్గర్నుంచి పేరు పెట్టేదాకా, వరుసగా

ఆరుద్ర కార్తెలో గట్టి వాన ఒకటి పడిందంటే, మూడో రోజు నుంచి నా ఫోన్‌కి ఫొటోలు రావడం మొదలవుతుంది. "సార్, మా అపార్ట్‌మెంట్ లాన్‌లో మొలిచింది. గూగుల్‌లో ఎక్కడా దొరకలేదు. కొత్త జాతేనా?" సగానికి సగం ఫొటోల్లో ఉండేది ఒక్కటే. తెల్లటి పెద్ద గొడుగు, దాని మీద గోధుమరంగు పొలుసులు, కాడకి ఉంగరం. దాని పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ప్రపంచమంతా వేడి ప్రాంతాల పచ్చిక బయళ్ళలో మొలిచేదే. తింటే వాంతులు, విరేచనాలతో ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది.

అయినా ఆ ప్రశ్న అడగడం తప్పేమీ కాదు. ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్రాలు సుమారు లక్షన్నర. మొత్తం 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండొచ్చని 2017లో వేసిన అంచనా. అంటే పేరు లేనిది మీ కాళ్ళ దగ్గరే మొలిచే అవకాశం నిజంగానే ఉంది. కనపడటం కష్టం కాదు. అది పాతది కాదని నిరూపించడమే కష్టం. ఆ నిరూపణ ఎలా చేయాలో అడిగిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక, ఒకేసారి రాస్తున్నాను.

## 1. మొదలుపెట్టే ముందు

"నాకు తెలియనిది" వేరు, "ఎవరికీ తెలియనిది" వేరు. మొదటి దాని నుంచి రెండో దానికి వెళ్ళడానికి ఏడాది, రెండేళ్ళు పట్టొచ్చు. ఈ దారిలో చాలాసార్లు మధ్యలోనే పాత పేరు దొరికి ఆగిపోతారు. దానికి సిద్ధపడి రండి.

మాటల విషయంలో కూడా ఒక స్పష్టత కావాలి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రజాతి అంటే దగ్గరి చుట్టాల గుంపు, జాతి అంటే అందులో ఒకటి. అగారికస్ ప్రజాతి. అందులో మనం కొనుక్కునే బటన్ మష్రూమ్ ఒక జాతి.

ఇంకొకటి. ఇది తినడానికి ఏరుకునే వాళ్ళ కోసం రాసింది కాదు. నమూనాగా తెచ్చినది ఏదీ వంటింట్లోకి వెళ్ళకూడదు. లెపియోటా ప్రజాతిలోని చిన్నవాటిలో కొన్నింటిలో ప్రాణాలు తీసే అమటాక్సిన్లనే విషాలు ఉంటాయి. వాటి లక్షణాలు ఆరు గంటలు దాటాక గానీ బయటపడవు. ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు.

## 2. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి అనుమతితో

జూన్ రెండో వారంలో రుతుపవనాలు వచ్చాక భూమి లోపలిదాకా తడవాలి. ఒక్క జల్లుకే పరిగెత్తకండి. రెండు మూడు రోజులు పడి, ఒక రోజు తెరిపిచ్చి, ఉక్కపోసే పొద్దున్న చూడండి. ఎర్రటి ఆరుద్ర పురుగులు నేల మీద తిరుగుతున్నాయంటే మీరూ సంచి తీయొచ్చు. పుష్యమి, ఆశ్లేష, మఖ కార్తెలే నా లెక్కలో అసలు సీజన్. సెప్టెంబరు దాటాక చెక్క మీద పెరిగేవే ఎక్కువ కనిపిస్తాయి.

హైదరాబాద్ చుట్టూ ఏం దొరుకుతుందో ముందే తెలిస్తే ఆశ అదుపులో ఉంటుంది. ఇక్కడిది గ్రానైటు రాళ్ళ నేల, పొడి ఆకురాల్చే అడవి. రస్యులాలు, బొలీట్ల లాంటి కుక్కగొడుగులు కొన్ని రకాల చెట్ల వేళ్ళతో కలిసి బతుకుతాయి. ఆ చెట్లు మన దగ్గర తక్కువ. యూకలిప్టస్ తోటల్లో ఆ వేళ్ళతో బతికే పిసోలిథస్ మాత్రం కనిపిస్తుంది. మన బలమంతా కుళ్ళిన ఆకు, చెక్క, పేడ, పచ్చిక, చెదపుట్టల మీద బతికేవాటిలో ఉంది. కొత్తవాటి కోసం అక్కడే వెతకండి.

చూడాల్సిన చోట్లు:

- వెదురు పొదల కింద, మెత్తగా కుళ్ళిన ఆకుల పొర.
- కానుగ, గుల్మొహర్ చెట్ల మొదళ్ళు, నరికిన మొద్దులు.
- బర్రెలు తిరిగే చెరువు గట్లు, పాత పేడ.
- చెదపుట్టలు, వాటి చుట్టూ రెండు మూడు అడుగుల నేల.
- ఇంట్లో పూలకుండీలు. వీటిని తక్కువ అంచనా వేయకండి. నర్సరీ మట్టితో పాటు ఎక్కడెక్కడివో వస్తాయి. అందుకే కుండీలో దొరికినదాని పుట్టిల్లు ఏదో చెప్పడం కష్టం.

ఇక అనుమతి. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి మూడూ జాతీయ పార్కులు. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 కిందికి వస్తాయి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ నుంచి ఆకు కూడా తేకూడదు. అనంతగిరి, నర్సాపూర్ లాంటి అడవుల్లో అటవీశాఖ అనుమతి కావాలి. యూనివర్సిటీ క్యాంపస్ అయితే అక్కడి బాటనీ విభాగం ద్వారా వెళ్ళండి. అనుమతి లేని నమూనాతో పేపర్ రాస్తే పత్రిక వాళ్ళు అడిగినప్పుడు చూపడానికి ఏమీ ఉండదు. మొదటి ఏడాది మీ కాలనీ, స్నేహితుల పొలం, సొసైటీ ఒప్పుకున్న లాన్, ఇవి చాలు.

పుట్టల దగ్గర ఇంకో అనుమతి కూడా ఉంది. నాగుల పంచమి సరిగ్గా ఈ సీజన్‌లోనే వస్తుంది. పసుపు, కుంకుమ పడిన పుట్ట మీద ఖుర్పీ పెట్టకండి. పక్కన ఇంకో పుట్ట దొరుకుతుంది.

## 3. సంచిలో ఏముండాలి

- కోడిగుడ్ల అట్ట ట్రే, దానికి మూతగా ఇంకొకటి. ఇంతకంటే మంచి పెట్టె నాకు దొరకలేదు.
- పాత న్యూస్‌పేపర్ ముక్కలు, అల్యూమినియం ఫాయిల్.
- ఖుర్పీ, పదునైన చాకు.
- పెన్సిల్, నంబర్లు రాసిన కాగితపు చీటీలు. పెన్ను రాత తడికి చెదిరిపోతుంది.
- పది రూపాయల నాణెం. అడ్డంగా 27 మిల్లీమీటర్లు, ఫొటోలో కొలతకి పనికొస్తుంది.
- బూడిదరంగు కార్డు. రంగులు సరిచూసుకోవడానికి.
- చేతి భూతద్దం, పదింతలు పెద్దగా చూపేది.
- తేమ పీల్చే సిలికా జెల్ వేసిన చిన్న మూత గొట్టాలు.

ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు. గంటలో చెమట పట్టి, ఇంటికొచ్చేసరికి పులుసైపోతాయి.

## 4. పీకే ముందు చేయాల్సినవి

కనపడగానే చెయ్యి పెట్టకండి. ముందు ఫొటోలు తీయండి. నిలబడి తీసిన ఒక్క ఫొటోతో ఏ పనీ కాదు. నేల మీద మోకాళ్ళూనక తప్పదు.

తీయాల్సిన ఫొటోలు:

- ఉన్నచోట ఉన్నట్టుగా, చుట్టుపక్కలతో కలిపి.
- గొడుగు పైభాగం.
- గొడుగు కింద, గిల్స్ (రేకుల్లాంటి పల్చటి పొరలు) కాడని ఎలా కలుస్తున్నాయో కనపడేలా.
- కాడ మొత్తం, అడుగు దాకా.
- నిలువుగా రెండుగా కోసి, లోపలి కండ.
- లేతది, ముదిరినది పక్కపక్కన.

కోసిన ముక్కని రెండు నిమిషాలు అలాగే చూడండి. పసుపెక్కుతుందా, ఎర్రబడుతుందా, ఏమీ కాదా? రంగు మారడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి. ఎండబెట్టాక ఈ సమాచారం ఇక దొరకదు.

పచ్చటి నీడలో ఫోన్ కెమెరా తెల్లదాన్ని కూడా పచ్చగా చూపిస్తుంది. అందుకే ప్రతి ఫొటోలో బూడిద కార్డు ఉండాలి. జీపీఎస్ ఆన్ చేసుకోండి. పక్కన ఏ చెట్లున్నాయో రాసుకోండి. "చెట్టు కింద" అని రాస్తే లాభం లేదు. "వేప చెట్టుకి రెండు మీటర్ల దూరంలో, రాలిన వెదురాకుల మీద" అని రాయాలి.

పీకేటప్పుడు కాడ పట్టుకుని లాగకండి. అడుగు నుంచి తవ్వి ఎత్తండి. కొన్నింటి అడుగున సంచి ఉంటుంది. అది మట్టిలోనే ఉండిపోతే గుర్తించడానికి ఉన్న సగం ఆధారం పోయినట్టే. పుట్ట మీద మొలిచే టెర్మిటోమైసిస్‌కైతే కాడ కింద వేరులాంటి పొడవైన తోక ఉంటుంది. అది లోపల చెదలు పెంచుకునే తోట దాకా వెళ్తుంది. నేను మొదటి రెండేళ్ళు తెచ్చిన వాటిలో సగం తోక తెగినవే. ఇప్పటికీ ఆ పెట్టెలు తెరిచినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

ఒకే చోట గుంపుగా ఉంటే లేతవి, నడిమివి, ముదిరినవి కలిపి ఐదారు తీసుకోండి, మిగతావి వదిలేయండి. అవన్నీ ఒకే నంబరు. పది అడుగుల అవతల అలాంటివే కనిపించినా ఇంకో నంబరు ఇవ్వండి. "రెండూ ఒకటేలే" అనుకుని కలిపితే తర్వాత విడదీయలేరు.

## 5. అదే రోజు సాయంత్రం

ఇల్లు చేరాక ముందు టీ తాగండి, కాదనను. కానీ స్నానం, భోజనం, టీవీ అయ్యాక చూద్దాంలే అంటే కుదరదు. కోప్రినాప్సిస్ లాంటివి కొన్ని గంటల్లోనే నల్లటి సిరాగా కారిపోతాయి. వాటిని ముందు చూడండి.

### స్పోర్ ప్రింట్

కుక్కగొడుగు విత్తనాల్లాంటివి సిద్ధబీజాలు, ఇంగ్లిష్‌లో స్పోర్లు. అవి రాలి పడే ముద్రే స్పోర్ ప్రింట్. ఒక్కొక్కటి కంటికి కనపడదు, కుప్పగా పడితే రంగు తెలుస్తుంది. ఆ రంగే ప్రజాతి దగ్గరికి దారి చూపిస్తుంది.

కాడని గొడుగు దగ్గర కోసేయండి. గిల్స్ కిందికి వచ్చేలా పెట్టండి. సగం తెల్ల కాగితం, సగం అల్యూమినియం ఫాయిల్ పక్కపక్కన పరిచి, గొడుగు రెండింటి మీదా ఉండేలా చూడండి. తెల్లటి సిద్ధబీజాలు తెల్ల కాగితం మీద కనపడవు, ఫాయిల్ మీద కనపడతాయి. పైగా మైక్రోస్కోపు కోసం ఫాయిల్ మీద నుంచి గీరుకోవడం తేలిక. గొడుగు నెత్తిన ఒక నీటి చుక్క వేసి, స్టీలు గిన్నె బోర్లించండి.

సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. మన ఇళ్ళలో స్పోర్ ప్రింట్ పాడవడానికి మొదటి కారణం అదే. గిన్నె అంచు కింద నుంచి గాలి దూరి, ముద్ర మసిలా చెదిరిపోతుంది.

పొద్దున్నే గిన్నె ఎత్తితే కాగితం మీద గిల్స్ గీతలు గీసినట్టు పడి ఉంటాయి. పక్కన రెండు తెల్ల పురుగులు కూడా పాకుతుంటాయి. కంగారు పడకండి, ఈగ పిల్లలు. రంగుని పగటి వెలుతురులో, ముద్ర మందంగా ఉన్నచోట చూసి వెంటనే రాసుకోండి. నా అపార్ట్‌మెంట్ మిత్రుల తెల్ల గొడుగు ఇక్కడే దొరికిపోతుంది. దాని ముద్ర పాచిలాంటి మసక ఆకుపచ్చ. పచ్చ ముద్ర వేసేవి చాలా అరుదు.

ముద్ర పడలేదా? గొడుగు బాగా లేతదైనా కావచ్చు, వానకి నాని ఉండొచ్చు. నడి వయసుది ఇంకొకటి పెట్టి చూడండి.

### రాసుకోవాల్సినవి

- గొడుగు వెడల్పు, కాడ పొడవు, మందం, మిల్లీమీటర్లలో. కనీసం మూడింటివి.
- పైన పొడిగా ఉందా, జిగటగానా, పొలుసులా, నూగా.
- గిల్స్ కాడకి అంటాయా, విడిగా ఉన్నాయా, కిందికి జారాయా. ఒత్తుగా ఉన్నాయా, ఎడంగానా.
- ఉంగరం, అడుగున సంచి ఉన్నాయా.
- వాసన. "బాగుంది" అని రాయకండి. పచ్చి పిండి, ముల్లంగి, బాదం, బ్లీచింగ్ పౌడర్, ఇలా దేనిలా ఉందో రాయండి.
- గొడుగు చర్మం మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే వచ్చే రంగు. పసుపెక్కే అగారికస్‌లలో వెంటనే పసుపు వస్తుంది.

రంగు రాయడంలోనే అందరూ పొరబడతారు. "గోధుమరంగు" అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. నా నోట్సులో "ఇరానీ చాయ్ రంగు, అంచున మీగడ" అని ఉంటుంది. నాకది అర్థమవుతుంది, ప్రపంచానికి కాదు. అందుకని పక్కనే రంగుల చార్టు కోడ్ కూడా రాస్తాను. ఖరీదైన చార్టు కొనలేకపోతే ఏదో ఒక ప్రామాణిక చార్టు కాలేజీ ల్యాబ్‌లో అడిగి వాడండి.

## 6. ఎండబెట్టడం

ఎండబెట్టక ముందే ఒక పని. గొడుగు లోపలి శుభ్రమైన కండ నుంచి బియ్యపు గింజంత ముక్క చిమ్టాతో తీసి, సిలికా జెల్ గొట్టంలో వేయండి. అది డీఎన్ఏ కోసం. గొట్టం మీద కూడా అదే నంబరు.

మిగతాది కూరగాయలు ఎండబెట్టే డీహైడ్రేటర్‌లో 40 నుంచి 45 డిగ్రీల మధ్య పెట్టండి. పెద్దవైతే నిలువుగా కోసి పెట్టండి. రాత్రంతా పెడితే చాలావరకు ఎండుతుంది. వంచితే అప్పడంలా విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టు. అలాగే మూత పెడితే నెలలో బూజు పడుతుంది.

జనం చేసే తప్పులు, వాటికి మందు:

- మేడ మీద ఎండకి పెట్టడం. శ్రావణంలో మన ఎండని నమ్మలేం. డీహైడ్రేటర్ లేకపోతే జల్లెడ మీద పేర్చి చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టండి, తర్వాత సిలికా జెల్ డబ్బాలో వేయండి.
- ఓవెన్‌లో పెట్టడం. బయట ఉడికి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. కణాలు, డీఎన్ఏ రెండూ చెడతాయి.
- ఫార్మలిన్‌లో వేయడం. రూపం ఉంటుంది, డీఎన్ఏ పోతుంది. పాత కాలేజీ మ్యూజియం అలవాటు ఇది. మానేయండి.
- పురుగు పట్టడం. ఎండినదాన్ని జిప్ కవర్‌లో పెట్టి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి. తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకండి.
- ఇంటి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దాచడం. ఒకసారి నేనే చేశాను. మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్ చేసి, "ఇవి కూరకా, కాలేజీకా?" అని అడిగింది. అడగబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మూత బిగుసుకునే స్టీలు డబ్బా, దాని మీద ఎర్ర అక్షరాలతో "విషం" అని చీటీ.

## 7. ప్రజాతి దాకా వెళ్ళడం

స్పోర్ ప్రింట్ రంగుతో మొదలుపెడితే మన ప్రాంతంలో దారి ఇలా చీలుతుంది:

- తెలుపు, మీగడ: లెపియోటా, ల్యూకోకోప్రినస్, ల్యూకోఅగారికస్, మరాస్మియస్.
- గులాబీ: టెర్మిటోమైసిస్, వాల్వేరియెల్లా, ప్లూటియస్, ఎంటోలోమా.
- తుప్పు రంగు: కోనోసైబి, జిమ్నోపైలస్.
- చాక్లెట్ రంగు: అగారికస్.
- నలుపు, నలుపుకి దగ్గర: పేనియోలస్, కోప్రినాప్సిస్, సాతిరెల్లా.

ఇది పూర్తి జాబితా కాదు, తలుపు మాత్రమే. గులాబీల్లోనే చూడండి. అడుగున సంచి ఉంటే వాల్వేరియెల్లా. పుట్ట మీద తోకతో ఉంటే టెర్మిటోమైసిస్. సిద్ధబీజాలు మైక్రోస్కోపులో మూలలు మూలలుగా ఉంటే ఎంటోలోమా.

ఇక్కడొక హెచ్చరిక. యూరప్ గైడ్లు, అక్కడి ఫొటోలతో నేర్పిన ఫోన్ యాప్‌లు మనవాటికి యూరప్ పేర్లు తగిలిస్తాయి. "గానోడెర్మా ల్యూసిడమ్" అని మన దగ్గర దశాబ్దాలుగా రాస్తున్న వాటిలో చాలా వరకు అసలు ఆ జాతే కాదు. మీరు ముందు చూడాల్సింది శ్రీలంక, కేరళ, ఆఫ్రికా. పంతొమ్మిదో శతాబ్దంలో బర్కిలీ, బ్రూమ్, ఆ తర్వాత పెచ్ శ్రీలంక నుంచి వర్ణించిన జాతుల్లో చాలావాటికి మనవాటితో దగ్గరి పోలికలుంటాయి. కేరళ నుంచి ఇటీవలి దశాబ్దాల్లో చాలా వచ్చాయి. శిలీంధ్రాల పేర్ల ఆన్‌లైన్ జాబితా ఇండెక్స్ ఫంగోరమ్‌లో ఆ ప్రజాతి పేర్లన్నీ తీసి, ఉష్ణమండలం నుంచి వచ్చిన ప్రతి పేరుకి మొదటి వర్ణన చదవండి. విసుగు పుట్టించే పనే, దాటేయడం మాత్రం కుదరదు.

## 8. మైక్రోస్కోపు

వందింతల ఆబ్జెక్టివ్, ఆయిల్ ఇమ్మర్షన్ ఉన్నది కావాలి. చాలా డిగ్రీ కాలేజీల బాటనీ ల్యాబుల్లో ఉంటుంది. ఐపీస్‌లోని (కన్ను పెట్టి చూసే కటకం) స్కేలుని స్టేజ్ మైక్రోమీటర్‌తో, అంటే కచ్చితమైన కొలత గీతలున్న స్లైడుతో సరిచూడకుండా ఒక్క కొలత కూడా తీయకండి.

వరుస ఇది:

1. స్పోర్ ప్రింట్ నుంచి కొంచెం గీరి, 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో వేయండి. గిల్స్ నుంచి తీస్తే ఎదగనివి కలిసి కొలత తప్పుతుంది.
2. పక్కకి తిరిగి స్పష్టంగా కనపడేవే కొలవండి. మొనమీది చిన్న ముక్కుని లెక్కలోకి తీసుకోకండి.
3. కనీసం రెండు గొడుగుల నుంచి, మొత్తం 30కి తగ్గకుండా. పొడవుని వెడల్పుతో భాగించండి. 9 మైక్రాన్ల పొడవు, 6 వెడల్పు అయితే 1.5. ఈ నిష్పత్తి సగటు కూడా రాయాలి.
4. మెల్జర్ అనే అయోడిన్ ద్రావణంలో చూడండి. నీలి నలుపు అయితే అమిలాయిడ్, ఎర్ర గోధుమ అయితే డెక్స్‌ట్రినాయిడ్, ఏమీ కాకపోతే అదీ ఒక ఫలితమే.
5. ఎండిన గిల్ ముక్కని ఆల్కహాల్‌లో, తర్వాత పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, కొత్త షేవింగ్ బ్లేడుతో వీలైనంత పల్చగా కోయండి. కాంగో రెడ్ అనే రంగు వేయండి. బెసీడియాలు (సిద్ధబీజాలు మోసే కణాలు), గిల్ అంచున, పక్కల ఉండే సిస్టిడియాలు (సిద్ధబీజాలు మోయని ప్రత్యేక కణాలు) వెతకండి.
6. గొడుగు పైచర్మాన్ని నిలువుగా కోసి కణాల అమరిక చూడండి. తంతువుల కణాలు కలిసేచోట క్లాంప్ కనెక్షన్లు (చిన్న కొక్కెంలాంటి వంతెనలు) ఉన్నాయో లేవో రాయండి.

పల్చటి కోత మొదటి రోజే రాదు. బజార్లో దొరికే బటన్ మష్రూమ్ ఒక ప్యాకెట్ తెచ్చుకుని, వారం ప్రాక్టీస్ చేయండి. ఒకటే నమూనా ఉన్నప్పుడు దాని మీద నేర్చుకోకూడదు.

చూసినదంతా బొమ్మ గీయండి. ఫొటో చాలు అనిపిస్తుంది, కానీ గీస్తున్నప్పుడే "అరె, దీని మెడ సన్నగా ఉందే" అని కంటికి ఆనుతుంది.

## 9. డీఎన్ఏ

శిలీంధ్రాలని గుర్తుపట్టే బార్‌కోడ్‌గా 2012లో ప్రతిపాదించి, అందరూ వాడుతున్న డీఎన్ఏ భాగం ఐటీఎస్. సొంత ల్యాబ్ అక్కర్లేదు. పీసీఆర్ (డీఎన్ఏ భాగానికి లెక్కలేనన్ని నకళ్ళు తీసే పద్ధతి) వసతి ఉన్న కాలేజీతో కలిసి చేయొచ్చు, లేదా డీఎన్ఏ అక్షరాల వరుస (సీక్వెన్స్) చదివిపెట్టే సీక్వెన్సింగ్ సర్వీసు ల్యాబ్‌కి ఇవ్వొచ్చు. ఐటీఎస్1ఎఫ్, ఐటీఎస్4 ప్రైమర్లతో (ఆ భాగం రెండు చివరల్నీ పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు), రెండు వైపుల నుంచీ చదవమని అడగండి.

ఫలితం చేతికొచ్చాక:

- గ్రాఫ్ ఫైల్ తెరిచి చూడండి. మొదట్లో, చివర్లో గజిబిజిగా ఉన్నది కత్తిరించండి. అక్షరాల ఫైల్ ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి.
- ఆస్పర్‌జిల్లస్, ట్రైకోడెర్మా అని వస్తే మీరు బూజుని చదివించారని అర్థం. లోపలి కండతో మళ్ళీ చేయించండి.
- సీక్వెన్సుల్ని పోల్చి చూపే బ్లాస్ట్‌లో మొదటి పేరే నిజమని నమ్మకండి. అది వెతికే జెన్‌బ్యాంక్ డేటాబేస్‌లో తప్పు పేర్లు చాలా ఉన్నాయి. టైపు నమూనా, అంటే ఆ జాతి పేరుకి ఆధారంగా నిలిచిన నమూనా నుంచి వచ్చిన సీక్వెన్స్ ఏదో వెతకండి. యునైట్ డేటాబేస్‌లో కూడా పోల్చండి.
- పోలిక 97 శాతం కంటే తక్కువైతే కొత్తదే అనేది సూత్రం కాదు. కొన్ని ప్రజాతుల్లో ఒకటి రెండు శాతం తేడాతోనే వేరే జాతులుంటాయి. కొన్నింటిలో ఒకే జాతిలో అంత తేడా ఉంటుంది. దగ్గరి పోలిక లేకపోతే, ఆ దగ్గరి జాతి నుంచి ఇంతవరకు ఎవరూ సీక్వెన్స్ చేయలేదని కూడా అర్థం కావచ్చు.

ఈ చివరి మాట దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. శ్రీలంక పాత జాతుల్లో చాలావాటికి డీఎన్ఏ సమాచారం లేదు. వాటి విషయంలో పాత వర్ణన, కొలతలే మీకు ఆధారం.

ఒకసారి నా మరాస్మియస్‌కి గానోడెర్మా సీక్వెన్స్ వచ్చింది. ఒక ల్యాబ్‌లో రెండు గొట్టాలు తారుమారయ్యాయి. అది బొత్తిగా పొంతన లేని తప్పు కాబట్టి తెలిసింది. రెండు మరాస్మియస్‌లే తారుమారై ఉంటే? అప్పటి నుంచి ప్రతి విడతలో నాకు కచ్చితంగా తెలిసిన నమూనా ఒకటి కలిపి పంపుతున్నాను. ఖర్చు కొంచెం ఎక్కువే, రాత్రి నిద్ర పడుతుంది.

తర్వాత చెట్టు గీయాలి, అంటే వంశవృక్షం. ప్రజాతిలోని టైపు సీక్వెన్సులన్నీ తెచ్చి, మాఫ్ట్ ప్రోగ్రాముతో వరుస పేర్చి, ఐక్యూట్రీ లేదా ర్యాక్స్‌ఎమ్ఎల్ ప్రోగ్రాముతో గీయండి. ఐటీఎస్ ఒక్కదానితో సందేహం తీరకపోతే ఎల్ఎస్‌యూ, ఆర్‌పీబీ2, టీఈఎఫ్1 అనే మిగతా డీఎన్ఏ భాగాలు కలపండి. ఇది రాకపోతే సిగ్గు పడకుండా తెలిసిన పరిశోధకుణ్ణి సహరచయితగా తీసుకోండి.

## 10. కొత్తదే అనడానికి నేను పెట్టుకున్న గీత

నాలుగింటికీ "అవును" అంటేనే ముందుకెళ్తాను:

- వేర్వేరు రోజుల్లో, వీలైతే వేర్వేరు చోట్ల, కనీసం రెండుసార్లు దొరికిందా?
- వంశవృక్షంలో విడి కొమ్మగా నిలిచిందా?
- కంటికో, మైక్రోస్కోపుకో అందే తేడా ఒకటైనా ఉందా?
- దగ్గరి జాతుల పాత వర్ణనలన్నీ చదివానా, పేరు పేరునా ఎందుకు కాదో రాయగలనా?

ఒక్కసారే దొరికితే వచ్చే ఏడాది వానల దాకా ఆగండి. అదే చోటికి అవే కార్తెల్లో వెళ్ళండి. ఈలోపు వాట్సాప్ గ్రూపుల్లో, పేపర్లో పేరు ప్రకటించకండి. వార్తలో పడిన పేరుకి శాస్త్రంలో చెల్లుబాటు లేదు, పైగా గందరగోళం.

## 11. పేరు, హోలోటైప్, ప్రచురణ

మీ సేకరణల్లో బాగా ఎండిన, స్పోర్ ప్రింట్, డీఎన్ఏ అన్నీ ఉన్న ఒకదాన్ని హోలోటైప్‌గా, అంటే కొత్త పేరుకి ఆధారంగా నిలిచే నమూనాగా ఎంచుకోండి. అది ఒకే రోజు, ఒకే చోట తీసినదై ఉండాలి. రెండు రోజులవి కలిపి హోలోటైప్ అంటే పేరు చెల్లదు.

దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు, గుర్తింపు ఉన్న హెర్బేరియంకి (ఎండిన నమూనాలు భద్రపరిచే చోటు) ఇవ్వాలి. పుణెలో అజ్రేకర్ మైకలాజికల్ హెర్బేరియం శిలీంధ్రాల కోసమే ఉంది. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే వారి దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇచ్చే ముందు వాళ్ళు శిలీంధ్రాలు తీసుకుంటారో లేదో రాసి కనుక్కోండి. జీవవైవిధ్య చట్టం, 2002లోని 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి కనుక్కున్నవారు ప్రభుత్వం గుర్తించిన రిపాజిటరీకి తెలియజేసి, నమూనా అక్కడ జమ చేయాలి. నమూనాలో కొంత విదేశీ నిపుణుడికి పోస్టు చేద్దామనుకుంటే, ముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ నిబంధనలు చూడండి.

పేరు లాటిన్ వ్యాకరణం ప్రకారం ఉండాలి. ఊరి పేరు పెడితే అగారికస్‌కైతే చివర "ఎన్సిస్", క్లోరోఫిల్లమ్, ఎంటోలోమా లాంటి వాటికైతే "ఎన్సె". ప్రజాతి లింగాన్ని బట్టి మారుతుంది. ఆ పేరు ఆ ప్రజాతిలో ముందే ఉందేమో వెతకండి. మీ పేరు మీరే పెట్టుకోకండి, నవ్వుతారు.

పేరు చెల్లడానికి కావాల్సినవి:

- లాటిన్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ వర్ణన, లేదా దగ్గరివాటి నుంచి తేడా చెప్పే సంక్షిప్త వాక్యం. తెలుగులో ఎంత బాగా రాసినా శాస్త్రీయ పేర్ల అంతర్జాతీయ నియమావళి ఒప్పుకోదు.
- మైకోబ్యాంక్, ఇండెక్స్ ఫంగోరమ్ లాంటి నమోదు కేంద్రం ఇచ్చే నంబరు. 2013 నుంచి ఇది తప్పనిసరి.
- హోలోటైప్ ఏది, ఏ హెర్బేరియంలో ఏ నంబరుతో ఉంది.
- సరైన పత్రికలో ప్రచురణ.

ఫైటోటాక్సా, మైకోకీస్, మైకలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి కవక లాంటివి చూడండి. "మూడు రోజుల్లో అచ్చు" అని మెయిల్ పెట్టి డబ్బు అడిగే పత్రికల జోలికి పోకండి. సీక్వెన్సులు జెన్‌బ్యాంక్‌లో పెట్టి ఆ నంబర్లు పేపర్లో ఇవ్వండి.

## 12. పాత పేరే దొరికితే

చాలాసార్లు జరిగేది ఇదే. అప్పుడు నోట్సు చింపేయకండి. ఆ జాతి తెలంగాణ నుంచి ఎప్పుడైనా నమోదైందా చూడండి. కాకపోతే ఫొటోలు, కొలతలు, సీక్వెన్స్‌తో చిన్న నివేదికగా పంపొచ్చు. శ్రీలంక పాత జాతికి మొదటి డీఎన్ఏ మీ కాలనీ వెదురు కింద నుంచి వస్తే, తర్వాత వెతికేవాళ్ళకి అది చాలా పెద్ద సాయం. నమూనా ఎలాగూ ఎండి, నంబరు పడి ఉంది. దాన్ని హెర్బేరియంకి పంపేయండి. పెట్టెలో సిలికా జెల్ రంగు మారిందేమో చూసుకుని, మారితే వేడి చేసి మళ్ళీ వేయండి. వచ్చే ఆరుద్రకి పనికొస్తుంది.